జల్లెడ బడులు

మే నెల వచ్చిందంటే తమిళనాట బోడినాయకనూరు గోడలకు ఊపిరాడదు. గోడ మీద ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద ఓ పిల్ల మొహం. మొహం కింద మార్కులు. మార్కుల కింద ఫోను నంబరు. అన్నిటికీ పైన లావుపాటి అక్షరాల్లో: రాష్ట్రంలోనే మేటి బడి. పక్క గోడ చూడండి. అదీ రాష్ట్రంలోనే మేటి బడి. ఎదుటి గోడా అంతే. ఒక్క రాష్ట్రానికి ఇన్ని మేటి బడులా? మరి రెండో స్థానం ఎవరిది? ఆఖరి స్థానం ఎవరిది? ఆ చిరునామా ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. ఫ్లెక్సీకి డబ్బుల్లేనిది సర్కారు బడి కాబట్టి ఆ ఆఖరిది అదేనని మనమే తేల్చేశాం. విచారణ లేదు. సాక్ష్యం లేదు. తీర్పు మాత్రం ఖరారు.

సరే, ఇంతకీ మేటి అని అన్నదెవరు? బడే అంది. ఎందుకట? నూటికి నూరు శాతం ఉత్తీర్ణత! 2025లో తమిళనాడు మొత్తం మీద ప్లస్ టూ పాసైనవాళ్లు 95.03 శాతం. పదో తరగతిలో 93.80 శాతం. రాష్ట్రమంతా తొంభై అయిదు, నీది నూరు. ఆ అయిదు కోసమా స్వామీ ఇంత ఫీజు?

ఈ ర్యాంకుల గోల భరించలేక తమిళనాడు ప్రభుత్వం 2017లో రాష్ట్రస్థాయి ర్యాంకుల ప్రకటనే మానేసింది. మంచి పని. రోగం కుదిరిందా? ర్యాంకు పోయి ‘సెంటం’, అంటే నూటికి నూరు, వచ్చింది. లెక్కల్లో ఎన్ని సెంటాలు, ఫిజిక్స్‌లో ఎన్ని సెంటాలు, కంప్యూటర్‌లో ఎన్ని సెంటాలు. రాష్ట్రంలో ఫస్టు రాకపోతే జిల్లాలో ఫస్టు. జిల్లాలో రాకపోతే తాలూకాలో. అక్కడా రాకపోతే మా వీధిలో మేమే ఫస్టు. సిగ్గుపడేవాళ్లెవరూ లేనప్పుడు ఫస్టుకు కొదవేముంది?

బోడినాయకనూరు, పొట్టిగా బోడి, ఏలకుల ఊరు. ఇడుక్కి కొండల మీద కాసిన ఏలకులు ఇక్కడికే దిగుతాయి. సుగంధ ద్రవ్యాల బోర్డు వేలం ఇక్కడే నడుస్తుంది. జల్లెడ సంగతి ఈ ఊరికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఎనిమిది మిల్లీమీటర్లు దాటిన కాయ ఒక గుట్ట. ఏడు దాటినది ఇంకో గుట్ట. చిన్నది, పగిలింది మరో గుట్ట. దేని ధర దానిది. అంతవరకూ న్యాయమే. కానీ జల్లెడ పట్టిన వ్యాపారి ఏనాడైనా ఈ లావు కాయను నేనే పండించానని చెప్పుకున్నాడా? చెప్పుకుంటే పక్కనున్న వ్యాపారులు పగలబడి నవ్వరూ? బడి చెప్పుకుంటుంది. ఎవరూ నవ్వరు. పైగా డబ్బు కట్టి రసీదు కోసం నిలబడతారు.

జల్లెడ ఎప్పుడు మొదలవుతుంది? ఎల్‌కేజీలోనే. మూడేళ్ల పిల్లను కూర్చోబెట్టి రంగులు చెప్పమంటారు. పిల్ల బిక్కమొహం వేస్తుంది. తర్వాత అసలు పరీక్ష. నాన్న ఏం చేస్తారు? అమ్మ ఏం చదివింది? ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడతారా? అది ఇంటర్వ్యూ కాదట, ‘పరిచయ కార్యక్రమం’ అట! విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 13వ సెక్షను చదివారా? చేర్చుకునేటప్పుడు పిల్లకే కాదు, తల్లిదండ్రులకు కూడా ఎంపిక పరీక్ష పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. క్యాపిటేషన్ ఫీజు గుంజితే గుంజినదానికి పదింతల దాకా. చట్టం బంగారం లాంటిది. బీరువాలోంచి బయటికి తీస్తే అరిగిపోతుందని కాబోలు, అధికారులు అందులోనే పెట్టి తాళం వేశారు.

రెండో జల్లెడ తొమ్మిదో తరగతిలో. చదువులో వెనకబడ్డ కుర్రాడు ఉన్నాడనుకోండి. హెడ్మాస్టరు గారు తండ్రిని పిలుస్తారు. గొంతులో తేనె. ‘మీవాడికి ఇక్కడ ఒత్తిడి ఎక్కువవుతోందండీ. టీసీ తీసుకుని వేరేచోట చేర్చండి. వాడి మంచికే చెబుతున్నా.’ వాడి మంచికా? నీ నూరు శాతానికా? ఆ కుర్రాడు ఎక్కడికి వెళతాడు? ఏ జల్లెడా లేని సర్కారు బడికి. వచ్చే మేలో వాడు తప్పితే ఆ మచ్చ సర్కారు బడి లెక్కలో పడుతుంది. పాసైతే? ఎవరూ ఫ్లెక్సీ కట్టరు.

మూడో జల్లెడ ప్లస్ వన్‌లో. పదిలో అయిదు వందలకు ఇన్ని వస్తేనే సైన్సు గ్రూపు. అప్పటికే బాగా చదివే పిల్లల్ని ఏరుకుని, రెండేళ్లు హాస్టల్లో పెట్టి, తెల్లారుజామున లేపి, రాత్రి దాకా రుబ్బించి, చివరికి ‘మా బోధన మహిమ’ అంటారు. నామక్కల్ వైపు ఇలాంటి హాస్టలు బడులకు జనమే ‘బ్రాయిలర్ బడులు’ అని పేరు పెట్టారు. కోళ్ల ఫారాల జిల్లా అది. పేరు పెట్టింది జనమే. పిల్లల్ని పెట్టె సర్ది పంపిందీ ఆ జనమే.

ఇంకో తమాషా. ప్లస్ టూ మార్కుల కోసం చాలా బడులు ప్లస్ వన్ పాఠాలే ఎగ్గొట్టాయి. పదకొండో తరగతిలో చేరిన రోజే పన్నెండో తరగతి పుస్తకం చేతికిచ్చాయి. రెండేళ్లు ఒకే పుస్తకం. ఆ పిల్లలే తర్వాత నీట్‌లో, జేఈఈలో ప్లస్ వన్ ప్రశ్న చూసి నోరెళ్లబెట్టారు. అప్పుడు సర్కారుకు మెలకువ వచ్చింది. 2017-18 నుంచి ప్లస్ వన్‌కూ పబ్లిక్ పరీక్ష పెట్టింది. 2025లో వచ్చిన రాష్ట్ర విద్యా విధానం ఆ పరీక్షను తీసేసింది. పిల్లల మీద ఒత్తిడట. పరీక్ష పెడితే ఒత్తిడి, తీస్తే ఎగవేత. పాఠం చెబుతున్నారా లేదా అని బడికి వెళ్లి చూసే మూడో దారి ఒకటుంది. ఆ దారిన నడవడానికి అధికారి కాళ్లకు నొప్పి.

‘మా పిల్ల మెట్రిక్‌లో చదువుతోంది’ అని చెప్పుకునేటప్పుడు మన ఛాతీ ఎంత వెడల్పవుతుంది! అన్నా, ఒక్కసారి ఆ పుస్తకం అట్ట చూడండి. సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో ‘సమచ్చీర్ కల్వి’ని, అంటే అందరికీ ఒకే చదువును, పదో తరగతి దాకా అమలు చేయమని తేల్చింది. అప్పటినుంచీ రాష్ట్ర పాఠ్యప్రణాళికలో సర్కారు బడిదీ ప్రైవేటు మెట్రిక్ బడిదీ ఒకే సిలబసు, ఒకే పబ్లిక్ పరీక్ష. అక్కడ పుస్తకం ఉచితం. ఇక్కడ పుస్తకానికి డబ్బు, అట్టకు డబ్బు, టైకి డబ్బు, బెల్టుకు డబ్బు, ఆ బెల్టు మీద బడి బొమ్మకు డబ్బు. ఫీజుల అదుపుకు 2009లోనే చట్టం వచ్చింది. కమిటీ కూర్చుంది. ఫీజు నిర్ణయించింది. అప్పటినుంచి ఫీజు రెండు రకాలు: రసీదు ఉన్నది, రసీదు లేనిది.

బోడి అల్లాటప్పా ఊరనుకునేరు. 1989లో జయలలిత తొలిసారి శాసనసభకు గెలిచింది ఇక్కడినుంచే. 2014లో, మళ్లీ 2016 డిసెంబరులో ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్న పన్నీర్‌సెల్వం అప్పుడు ఈ నియోజకవర్గం ఎమ్మెల్యే. ఇంత ఘనత గల ఊళ్లో బ్రాడ్‌గేజి పని పేరుతో 2010 చివర్లో ఆగిన మదురై రైలు మళ్లీ బోడి స్టేషను ముఖం చూసింది 2023 జూన్‌లో. రైలు ఆగిన ఏడాది ఒకటో తరగతిలో ఉన్న పిల్ల, రైలు తిరిగొచ్చేసరికి ప్లస్ టూ ముగించి ఊరు దాటిపోయింది. పట్టాలు వేయడానికే పన్నెండేళ్లు పట్టే పాలన, పిల్లకు బడి ‘ఎంచుకునే స్వేచ్ఛ’ ఇచ్చానంటోంది. నవ్వొస్తోందా? నవ్వండి. నవ్వుకు ఇంకా ఫీజు పెట్టలేదు.

అసలు పెద్దల పిల్లలు ఎక్కడ చదువుతున్నారు? 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికి ఒక ఆదేశం ఇచ్చింది. ఖజానా నుంచి జీతభత్యాలు తీసుకునే అధికారులు, ప్రజాప్రతినిధులు, న్యాయాధికారులు తమ పిల్లల్ని సర్కారు ప్రాథమిక బడుల్లోనే చేర్చాలంది. పదేళ్లు దాటింది. ఎంతమంది చేర్చారు? ఏ రాష్ట్రమైనా ఆ మాట అరువు తెచ్చుకుందా? మంత్రి సర్కారు బడికి రిబ్బను కత్తిరించడానికి వస్తాడు. ఆయన మనవడు రాడు. సర్కారు బడి ఎంత గొప్పదో సాయంత్రం సభలో చెప్పే అయ్యవారు, పొద్దున తన కొడుకును ఏ బస్సు ఎక్కించాడో ఆయన్నే అడగండి. వంటవాడే ఆ వంట ముట్టనప్పుడు మనకెందుకు వడ్డిస్తున్నారు?

ఆంధ్ర, తెలంగాణల్లో మన చుట్టాలు ఇంతకంటే నాలుగాకులు ఎక్కువ చదివారు. అక్కడ బడి పేర్లే వేరు. టెక్నో. ఒలింపియాడ్. కాన్సెప్ట్. ఐఐటీ ఫౌండేషన్. ఆరో తరగతి పిల్లకు పునాది తవ్వుతారు. ఫలితాల రోజు టీవీ పెడితే ‘ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు’ అని గుక్కతిప్పుకోకుండా అరుపులు. ఒకే పిల్ల మూడు సంస్థల ప్రకటనల్లో నవ్వుతుంది. నారాయణ విద్యాసంస్థలు స్థాపించిన నారాయణ గారు 2014లో మంత్రి. 2024లోనూ మంత్రే. నియంత్రించవలసినవాళ్లూ, నియంత్రణకు లోబడవలసినవాళ్లూ ఒకే క్యాబినెట్ బల్ల చుట్టూ టీ తాగుతుంటే, ఫీజు తగ్గించమని అర్జీ ఎవరికి ఇస్తారు? టీ తెచ్చే కుర్రాడికా? కోచింగ్ సంస్థల తప్పుడు ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో వాడకూడదంది. మరి మీ వీధి ఫ్లెక్సీ మీద నవ్వుతున్న ఆ పిల్లను ఎవరైనా అడిగారా?

భాష సంగతి మరీ ఘోరం. పాత జమీను ఊరు ఇది. కంబళ నాయకుల ఇళ్లలో తరతరాలుగా తెలుగు వినిపిస్తున్న ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఫ్లెక్సీ మీద ఇంగ్లీషు. తమిళనాట తమిళం నేర్చుకోవడంలో ఎవరికీ పేచీ లేదు. మన పిల్లలు అందులో దిట్టలు. కానీ భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమని రాజ్యాంగం 350-ఎ అధికరణం 1956 నుంచీ మొత్తుకుంటోంది. మేటి బడుల పోటీలో ఆ అధికరణానికి ఎన్ని మార్కులు? గుండు సున్నా. అక్కడ హైదరాబాదులో 2017 డిసెంబరులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. శాలువాలు కప్పుకున్నారు. ‘ఎల్లలు దాటిన తెలుగు’ అని కళ్లు తుడుచుకున్నారు. బాగుంది. బోడికి ఒక తెలుగు వాచకమైనా పంపారా? ఇంతకీ వేదిక మీద అంతగా కంటతడి పెట్టినవారి మనవరాలు తెలుగు చదవగలదా?

మనం మాత్రం తక్కువ తిన్నామా? బడి బాగోగులు ఎలా చూస్తాం? బస్సు రంగు చూస్తాం. గేటు ఎత్తు చూస్తాం. ఫీజు ఎంతో అడుగుతాం. తక్కువ చెబితే అనుమానపడతాం. ప్రయోగశాల తలుపు తీయించి చూశామా? గ్రంథాలయంలో పుస్తకం మీద దుమ్ము తుడిచామా? అయ్యవారికి జీతం ఎంత ఇస్తున్నారో, ఏడాదికి ఎంతమంది అయ్యవార్లు మారుతున్నారో అడిగామా? పక్కింటాయన చేర్చాడు, మనమూ చేర్చాం. మన పరిశోధన అంతటితో సమాప్తం.

ఇక ‘ఎంపిక’ అన్న వైభోగం అందరికీ ఉందా? తెల్లారకముందే టిఫిను డబ్బా పట్టుకుని, బోడిమెట్టు మీదుగా కేరళ ఏలకుల తోటకు జీపులో వెళ్లే తల్లి ఏ బడిని ఎంచుకుంటుంది? ఆమెకు దొరికేది ఇంటి దగ్గరి సర్కారు బడి. రాష్ట్రంలో 2022లో మొదలైన పొద్దుటి పలహారం అక్కడ చిన్న తరగతులకు పెడుతున్నారు. సర్కారు బడిలో ఆరు నుంచి పన్నెండు దాకా చదివి నీట్ గట్టెక్కిన పిల్లలకు 2020 నుంచి వైద్యసీట్లలో 7.5 శాతం కోటా ఉంది. అవి నిజమైన మేళ్లు. కానీ పలహారం తిన్న పిల్లకు లెక్కల అయ్యవారు కూడా కావాలి కదా? కోటా దాకా ఎక్కడానికి మెట్లు కావాలి కదా? జల్లెడ పట్టని ఆ బడే, వచ్చిన ప్రతి పిల్లనూ చేర్చుకునే ఆ బడే, రాష్ట్రంలో అసలు పని చేస్తున్న బడి. దానికి ఖాళీ పోస్టు బహుమానం. ఏరుకున్న పిల్లలతో నెగ్గినవాడికి పత్రికలో ఫుల్ పేజీ.

కాబట్టి ఈ జూన్‌లో ఏ మేటి బడికి వెళ్లినా, ఫీజు కట్టేముందు ఒక్క లెక్క అడగండి. ‘పోయినేడు మీ తొమ్మిదో తరగతిలో ఎంతమంది ఉన్నారు? వాళ్లలో పదో తరగతి పరీక్ష మీ బడినుంచే రాసినవారు ఎంతమంది?’ రెండు అంకెలూ కాగితం మీద రాసి సంతకం పెట్టిమ్మనండి. రాసిచ్చిన బడిలో చేర్చండి. నీళ్లు నమిలిన బడిని వదిలేయండి. ఇదే లెక్కను ప్రతి బడి గేటుకూ వేలాడదీయమని కలెక్టరుకు అర్జీ పెట్టండి. వచ్చే ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చినవాణ్ణి మాత్రం ఇంకొక్క ప్రశ్న అడగండి: ‘మీ పిల్లలు ఏ సర్కారు బడిలో చదివారు?’ జవాబు వచ్చేదాకా గుమ్మం దిగనివ్వకండి.