గడప మీద విమర్శకుడు

సినిమా బాగుందని ఒప్పుకుంటే పరువు తక్కువన్నట్టు పెరిగాను నేను. మా ఇంట్లో ఎవరికే సినిమా నచ్చినా, అందులో ఏం బాగోలేదో చెప్పే బాధ్యత నాది. జీతం లేదు, అడిగినవాళ్లూ లేరు. 2025 జులైలో అశ్విన్ కుమార్ తీసిన యానిమేషన్ సినిమా 'మహావతార్ నరసింహ' వచ్చినప్పుడు అమ్మనీ, మా ఆవిడనీ, పిల్లాణ్నీ వెంటేసుకుని రాజోలు నుంచి అమలాపురం వెళ్లింది కూడా ఆ బాధ్యత కొద్దీనే.

కొందరు చెప్పులు బయట విడిచి హాల్లోకి వచ్చారు. నేను చెప్పుల్తోనే కూర్చుని, తప్పులు లెక్కపెడుతూ వేళ్లు మడిచాను. మొదటి సగం నత్తనడక. దితి ఏడ్చినా మురిసినా ఒకటే ముఖం, బొమ్మల కొలువులోంచి లేచొచ్చినట్టు. నడకలు బిగుసుకుపోయాయి. ఇదే కథతో వచ్చిన 1967 'భక్త ప్రహ్లాద'లో ఎస్వీ రంగారావు ఒక్క కనుబొమ ఎగరేస్తే సభంతా వణికింది. కంప్యూటరుకి ఆ కనుబొమ దగ్గరే చిక్కొచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో ఇదంతా వినిపించాను. బోడసకుర్రు వంతెన దాటేదాకా మా ఆవిడ ఓపిక పట్టింది.

"ముఖంలో భావం లేదంటారేంటండీ? పోయిన అట్లతద్దికి కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే మీ ముఖంలో ఏం భావం కనపడింది? ఆ దితే నయం. మొదటి సగం సాగిందంట! పెళ్లయి ఇన్నేళ్లయినా మీరింకా ఇంటర్వెల్‌కే రాలేదు."

"ఆయ్!" అన్నాడు ఆటో అతను, తనని ఎవరూ అడక్కపోయినా.

నిజానికి వరాహమూర్తి హిరణ్యాక్షుడి మీద పడ్డప్పుడే నా లెక్క తప్పింది. స్తంభం బద్దలయ్యాక చివరి అరగంట ఇంక లెక్కే లేదు. సామ్ సీఎస్ సంగీతానికి గుండెలదిరాయి. చీకట్లో, ఎవరూ చూడకుండా దణ్ణం కూడా పెట్టుకున్నాను. మనిషి ముఖం రోజూ చూసేదే గనక, ఆవగింజంత తేడా వచ్చినా కన్ను పట్టేస్తుంది. సింహం తల ఉన్న మనిషిని ఎవరం చూశాం? అందుకే ఆ బొమ్మ దగ్గర వంక పెట్టడానికి నాకు ఆధారం దొరకలేదు. మా వాడికి మాత్రం ఏ లెక్కలూ లేవు. ముసుగూ రెక్కలూ లేని సూపర్‌హీరో దొరికాడు, అంతే.

మా ఆవిడకి అన్నిటికన్నా నచ్చింది, ఇంటా బయటా, పగలూ రాత్రీ చావు లేదన్న హిరణ్యకశిపుడి వరం. నాకూ అదే ఉందంటుంది. ఇంట్లో పని చెబితే నాకు బయట పనుంటుంది, బయట పని చెబితే ఇంట్లో ఉంటుంది. పగలు ఎండ, రాత్రి నిద్ర. ఇప్పుడావిడ సరిగ్గా సంజెవేళ గడప మీద పట్టుకుంటోంది. మొన్న అలాగే దొరికిపోయి కొబ్బరికాయలు వలిచాను.

అసలు లోపం పట్టింది మా అమ్మ. "మన అంతర్వేది ఏదిరా?" అంది. అంతర్వేది కథలో రాక్షసుడు హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడు. వాడి నెత్తురు తడిసిన ఇసుక రేణువుకొక రాక్షసుడు పుడతాడని వరం. వసిష్ఠుడు మొరపెట్టుకుంటే నరసింహస్వామి వచ్చాడు; నెత్తురు నేల మీద పడకుండా అశ్వారూఢాంబిక నాలుక పరిచింది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట, మా ఊరికి దగ్గర్లోనే, ఇంత పెద్ద రెండో భాగం పెట్టుకుని, వాళ్లేమో 2027లో పరశురాముడంటున్నారు, దీంతో కలిపి 2037 దాకా వరసపెట్టి ఏడు సినిమాలు ప్రకటించారు. అందులో అంతర్వేది ఊసే లేదు. మడిచిన నా వేళ్లలోనూ లేదు.

తెలుగువాళ్ల మొదటి టాకీ, 1932 నాటిది, ఈ ప్రహ్లాదుడి కథే. 300 కోట్లు దాటిన సినిమాకి నా సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ, ఆ చివరి అరగంట కోసం మిగతాదంతా భరించొచ్చు. పరశురాముడు వచ్చినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లండి. పక్కనెవరైనా వేళ్లు మడుస్తూ కనిపిస్తే మొహమాటపడకుండా సీటు మార్చుకోండి.