ముందు మేకను కదపండి

మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. బ్రౌజర్లో ఆడుకునే పులిజూదం చేస్తానని ఆ మధ్య చెబితే విని పొంగిపోయాను. నేను చేసిన మొదటి ఆట కూడా అదే మరి. నెల తిరిగాక ఫోన్ చేసి ‘‘ఎందాకా వచ్చిందిరా?’’ అని అడిగాను. ‘‘ఆటను నడిపే ఇంజిన్ ఇంకా తేలలేదు పెదనాన్నా’’ అన్నాడు. యూనిటీయా, గోడాటా, ఫేజరా, కన్‌స్ట్రక్టా అని నెల రోజులుగా వీడియోలు చూస్తున్నాడట. నలభై వరసల పట్టిక తయారు చేశాడు. అందులో త్రీడీ నీడలున్నాయి, నీళ్ల మీద వెలుగు పడే తీరుంది, భౌతికశాస్త్ర లెక్కల వేగముంది. పులిజూదంలో ఉండేవి 3 పులులు, 15 మేకలు, అవి కూర్చునే 23 చోట్లు. ఈ నెల రోజుల్లో వాడి తెర మీద ఒక్క మేకా కదల్లేదు.

వాణ్ణొక్కణ్ణే అనను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లల్లో చాలామంది వరస ఇదే. ఏం ఆడించాలి, ఎవరు ఆడాలి, ఏ ఫోన్లో ఆడాలి అన్న ఆలోచన లేదు. ఇంజిన్ ఏది అన్నదే మొదటి ప్రశ్న.

మా రోజుల్లో ఆ ప్రశ్నే లేదు. 2001లో నేను అమీర్‌పేటలో ఫ్లాష్ 5 నేర్చుకున్నాను. మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ కోర్సుల బోర్డులే, మెట్ల మీద కూడా కరపత్రాలే. బ్రౌజరు ఆటంటే అందరి నోటా ఫ్లాషే. డైరెక్టర్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన షాక్‌వేవ్ ఆటలు, జావా యాప్లెట్లు కూడా ఉండేవి. ఆ ఏడాదే మొదలైన రూన్‌స్కేప్ జావా మీద నడిచింది. కానీ నాలాంటి ఒంటరి పనివాడికి ఫ్లాషే దిక్కు. కొత్త ఫైలు తెరిస్తే 550 పిక్సెళ్ల వెడల్పు, 400 ఎత్తు ఉన్న తెల్లటి స్టేజీ, సెకనుకు 12 ఫ్రేములు. బొమ్మ అక్కడే గీయాలి, అక్కడే కదిలించాలి, యాక్షన్‌స్క్రిప్టు కూడా అక్కడే రాయాలి. మొదటి సాయంత్రమే మేక ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు జరిగింది.

అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన పరికరం బ్యాండ్‌విడ్త్ ప్రొఫైలర్. ఆటను పరీక్షించేటప్పుడు దాన్ని తెరిస్తే పైన ఒక గ్రాఫు వచ్చేది. 28.8 మోడెమ్ ఉన్నవాడికి ఎలా దిగుతుంది, 56కే ఉన్నవాడికి ఎలా దిగుతుంది అని ఫ్రేము ఫ్రేముకూ నిలువు గీతలు చూపించేది. గీత ఎర్రగీటు దాటిందంటే అక్కడ ఆట ఆగుతుందని అర్థం. అంటే మన ఆట కోసం ఎదురుచూసే మనిషిని ఆ పనిముట్టే ఎప్పుడూ కళ్ల ముందు నిలబెట్టేది. 56కే మోడెమ్ మీద సెకనుకు నాలుగైదు కిలోబైట్లు దిగితే గొప్ప. నా పులిజూదం మొదట 180 కిలోబైట్లు వచ్చింది, అంటే నలభై సెకన్లు. నెట్ సెంటర్లో గంటకు డబ్బు కట్టి కూర్చున్న కుర్రాడు నలభై సెకన్లు ఆగడు. చెట్లు తీసేశాను. పులి చారల్లో గీతలు తగ్గించాను. శబ్దాన్ని మోనో చేశాను. 70 కిలోబైట్లకు దించి, ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

ఈ తరం పిల్లలకు ఆ లెక్క ఎవరూ చెప్పట్లేదు. ఫ్లాష్ కాలంలో ఆటను నడిపే యంత్రం, అంటే ప్లేయరు, బ్రౌజర్లో ముందే కూర్చుని ఉండేది. ఆట ఒక్కటే దిగేది. ఇప్పుడు యూనిటీలోనో గోడాట్‌లోనో చేసి బ్రౌజరుకు పంపితే, సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఆ ఇంజినంతా వెబ్‌అసెంబ్లీ అనే రూపంలోకి మారి ఆటతోపాటే ఆడేవాడి ఫోన్లోకి దిగుతుంది. ఒక్క బొమ్మ కూడా లేని ఖాళీ తెరకే కొన్ని మెగాబైట్లు. గోడాట్ 4 వెబ్‌అసెంబ్లీ ఫైలును విప్పితే ముప్పై మెగాబైట్లకు అటూ ఇటూగా ఉంటుంది. విందుకు పిలిచి, వచ్చినవాడి నెత్తిన వంటపాత్రలు పెట్టి మోయించినట్టు ఉంది వ్యవహారం. పెద్ద ఆట కోసమైతే మోస్తాడు. పదిహేను మేకల కోసం ఎందుకు మోయాలి?

మావాడు చివరికి ఒక పేరున్న ఇంజిన్ ఎంచుకుని ఉత్త పులిజూదం పలక మాత్రం పెట్టి లింకు పంపాడు. తెనాలిలో మా అమ్మ ఫోన్లో తెరిచాను. లోడింగ్ గీత నెమ్మదిగా నిండుతూ నలభై సెకన్లు దాటింది. ఇరవై నాలుగేళ్ల కిందటి నలభై సెకన్లే! మోడెము పోయి, సిమ్ములో ఫోర్ జీ వచ్చి, మళ్లీ అక్కడికే చేరాం. అది చూసినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది.

ఇంజిన్లు చెడ్డవని నేననడం లేదు. దేని పని దానిది. త్రీడీ కావాలంటే బేబిలాన్, ప్లేకాన్వాస్ బ్రౌజరు కోసమే పుట్టినవి. బొమ్మలు మాత్రం చకచకా గీయాలంటే పిక్సీ ఉంది. కోడు రాయడం రాని బడిపిల్లలు కన్‌స్ట్రక్ట్‌తోనో జీడెవలప్‌తోనో మొదలుపెట్టవచ్చు. టూడీ ఆటకు నా ఓటు ఫేజర్‌కే. రిచర్డ్ డేవీ అనే ఆయన 2013లో దాన్ని బయటపెట్టాడు. కుదించి పంపితే కొన్ని వందల కిలోబైట్లే. కాన్వాసు, వెబ్‌జీఎల్, శబ్దం అన్నీ బ్రౌజర్లోనే ఉన్నాయి కాబట్టి అది పల్చగా పైన కూర్చుంటుంది. పల్చనిదని తక్కువ చేసి చూడకండి. వాంపైర్ సర్వైవర్స్ ఫేజర్‌లో మొదలైన ఆటే. 2023లో బాఫ్టావాళ్లు దానికి ఉత్తమ ఆట బహుమతి ఇచ్చారు. జనం లక్షల్లో ఎగబడ్డాక, అవసరం పుట్టాకే దాన్ని వేరే ఇంజిన్‌కు మార్చుకున్నారు. ఇక 2048 ఆట ఉంది కదా, 2014లో గాబ్రియేలే చిరుల్లి అనే పంతొమ్మిదేళ్ల ఇటలీ కుర్రాడు చేసింది, దానికి ఏ ఇంజినూ లేదు. ఉత్త జావాస్క్రిప్టు. ఏటా ఆగస్టు 13 నుంచి సెప్టెంబరు 13 దాకా జేఎస్13కే అనే పోటీ జరుగుతుంది. ఆటంతా కలిపి జిప్ చేస్తే 13 కిలోబైట్లు దాటకూడదు. అందులో పిల్లలు చేసే ఆటలు చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

పట్టికల్లో కనబడని చిక్కులు వేరే ఉన్నాయి. గోడాట్ 4 వచ్చిన కొత్తలో బ్రౌజరు ఆటను పెట్టాలంటే సర్వరు ప్రత్యేకమైన హెడర్లు పంపాల్సి వచ్చేది. 2024 ఆగస్టులో 4.3 వచ్చాక ఆ తలనొప్పి తప్పింది. అదే గోడాట్ 4లో సీ షార్ప్‌తో రాసిన ఆటకు బ్రౌజరు దారి లేకుండా వచ్చింది. ఆట సగం రాశాక ఆ సంగతి తెలిస్తే ఏం చేస్తాం? అందుకే మొదటి రోజే ఖాళీ తెరను బ్రౌజరుకు పంపి చూడమని నా గోల.

అసలు గోల ఇంకొకటుంది. తెలుగు.

ఫ్లాష్ 5లో తెలుగు రాయాలంటే మాకు యూనికోడ్ లేదు. అను ఫాంట్లలో టైపు చేసి, కంట్రోల్-బీ కొట్టి అక్షరాలను బొమ్మలుగా విడగొట్టేవాళ్లం. ఒక్క మాట మార్చాలన్నా మళ్లీ మొదటి నుంచీ రాయాలి. అయినా తెర మీద ‘మీ వంతు’, ‘పులి గెలిచింది’ అని తెలుగులో, వత్తులతో, గుండ్రంగా కనబడేవి. ఇంతకాలానికి ఎంత సుఖం రావాలి? మావాడి పేరున్న ఇంజిన్లో ‘పులికి రాస్తా మూసుకుపోయింది’ అన్న వాక్యం ఎలా వచ్చిందో తెలుసా? ‘రాస్తా’లో తావత్తు స కిందికి దిగలేదు. సకారం, పొల్లు, తకారం, దీర్ఘం వేటికవి విడిగా నిలబడ్డాయి. నాలుగు అక్షరాలు చదువుకున్నవాడికే అది తప్పుగా తోస్తుంది, ఇక ఎనభై ఏళ్ల మా అమ్మ చదవగలదా? వాడు చేసిన పరిష్కారం చూసి ఇంకా బాధపడ్డాను. వాక్యాలన్నీ ఇంగ్లిషులోకి మార్చేశాడు! పులిజూదంలో ఇంగ్లిషు!

తప్పు వాడిది కాదు. ఇంగ్లిషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే చాలు. మన అక్షరాలు అలా కుదరవు. ‘స్త్రీ’ రాయాలంటే ఆరు యూనికోడ్ సంకేతాలు వరసగా వస్తాయి, వాటిని చూసి ఒక్క అక్షరంగా కూర్చే యంత్రాంగం ఉండాలి. బ్రౌజర్లకు అది ఎప్పటి నుంచో ఉంది. ఫేజర్ మామూలు టెక్స్టును బ్రౌజరు కాన్వాసు చేతే రాయిస్తుంది కాబట్టి వత్తులు సరిగ్గా పడతాయి. దాంట్లోనే బిట్‌మ్యాప్ ఫాంటు వాడితే పడవు. గోడాట్ 4లో హార్ఫ్‌బజ్ అనే అలాంటి యంత్రాంగం చేరింది కాబట్టి అక్కడా పడతాయి. కొన్ని ఇంజిన్లు ఇంతవరకూ సొంతంగా పేర్చుకుంటూ పోతున్నాయి. మావాడి నలభై వరసల్లో నీళ్ల మెరుపు ఉంది, తెలుగు లేదు. తెలుగు ఆట చేసేవాడి పట్టికలో ఆ వరస మొట్టమొదట ఉండాలి. ఇది నా మొండిపట్టు అనుకున్నా సరే.

ఇంకోటి చెప్పాలి. ఇది చెప్పడం నాకు కష్టం.

నా పులిజూదం ఇప్పుడు లేదు. ఫ్లాష్‌కు మద్దతు 2020 డిసెంబరు 31తో ఆగిపోయింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఫ్లాష్ ఆటలను తెరవడం మానేసింది. అందుకు కారణాలు లేకపోలేదు. భద్రతలో ఎన్నో కంతలున్నాయి, ఫోన్ల మీద అది నిలవలేదు, 2010లోనే స్టీవ్ జాబ్స్ దానికి ఐఫోన్లో చోటు లేదని బహిరంగంగా రాశాడు. ఇవాళ రఫుల్ అనే ఎమ్యులేటరు చాలా పాత ఫ్లాష్ ఫైళ్లను మళ్లీ ఆడిస్తోంది. ఫ్లాష్‌పాయింట్ అనే ప్రాజెక్టువాళ్లు వేల ఆటలు కాపాడారు. వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. నా ఆటను మాత్రం కాపాడడానికి నా దగ్గర ఫైలే లేదు. అప్పట్లో నేను పనిచేసిన చిన్న కంపెనీ మూతపడినప్పుడు కంప్యూటర్లు టోకున అమ్మేశారు. ఆట మూలం ఫైలు వాటిలో ఒకదానిలో ఉంది. సీడీ మీద రాసి పెట్టుకుందామని రెండు నెలలు అనుకుంటూనే ఉన్నాను.

కాబట్టి ఇంజిన్‌ను ఎంచుకునేటప్పుడు అది ఎంతకాలం ఉంటుంది, ఎవరి చేతిలో ఉంటుంది అని అడగడం నాకు ఛాదస్తంగా అనిపించదు. 2023 సెప్టెంబరులో యూనిటీ, ఒక హద్దు దాటిన ఆటలకు ఇన్‌స్టాల్ లెక్కన రుసుము వేస్తామని ప్రకటించింది. ఆట చేసేవాళ్లంతా గగ్గోలు పెట్టారు. ఏడాది తర్వాత ఆ రుసుమును ఎత్తేశారు. ఎత్తేశారు సరే, ఆ ఏడాదంతా చిన్న పనివాళ్లు ఎలా నిద్రపోయి ఉంటారు? గోడాట్, ఫేజర్ రెండూ ఎంఐటీ లైసెన్సు కింద ఉన్నాయి. రేపు వాటిని చేసినవాళ్లు చాలించుకున్నా, ఆ కోడు మన దగ్గరే ఉంటుంది. ఈ విషయంలో ఈ తరంవాళ్లు మాకన్నా ఎంతో అదృష్టవంతులు, ఒప్పుకుంటాను. మాకు ఫ్లాష్ కొనే స్తోమత ఉండేది కాదు. వీళ్లకు ఇలాంటివి ఎన్నో ఉచితంగా, మూలంతో సహా అరచేతిలో ఉన్నాయి. అంత కలిమి ఉండి నెల రోజులు పట్టికలు గీస్తున్నారన్నదే నా బాధ.

పోయిన ఆదివారం మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. పట్టిక మూయించాను. కాగితం మీద 23 చుక్కలు పెట్టి, ఏ చుక్క నుంచి ఏ చుక్కకు దారి ఉందో రాయించాను. దానికి గంట పట్టింది. అసలు ఆటంతా అందులోనే ఉంది. పులి ఎక్కడికి దూకగలదు, మేక ఎక్కడ దొరికిపోతుంది అనేది ఏ ఇంజినూ చెప్పదు. తర్వాత ఇంజినేమీ లేకుండా ఉత్త కాన్వాసు మీద గీతలు గీశాడు. సాయంత్రానికి మేక కదిలింది. రాత్రికి పులి దూకింది. బొమ్మలతో కలిపి 96 కిలోబైట్లు. మా అమ్మ ఫోన్లో వేలు పెట్టగానే తెరుచుకుంది. ‘రాస్తా’లో తావత్తు స కిందనే ఉంది. ఆవిడ మేకల పక్షం తీసుకుని మనవణ్ణి రెండుసార్లు కట్టేసింది.

ఆటలు చేస్తున్న పిల్లలకు నా విన్నపం ఇది. ఇంజిన్ ఏదైనా ఎంచుకోండి, కానీ మొదటి రోజే దాంతో ఖాళీ తెర ఒకటి చేసి, మీ ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పాత ఫోన్లో తెరిచి చూడండి. ఆ తెర మీద ‘స్త్రీ’ అని, ‘రాష్ట్రం’ అని రాసి చూడండి. పని మొదలైన రోజు నుంచీ మూలం కాపీ ఒకటి మీ సొంత డిస్కులో ఉంచుకోండి.