లైన్ సార్

గుమ్మంలో చెప్పులు విప్పగానే కూర్చోమనకుండా వంగమనే ఇంటాయన తగిలితే, ఆయనే లైన్ సార్ అని పోల్చుకోండి. ‘ఇక్కడ నిలబడి, ఒక కన్ను మూసి, ఆ పూజ గది దాకా చూడండి’ అంటారు. చూస్తాం. వరండాలో బయల్దేరిన టైల్స్ జాయింటు హాలు దాటి, భోజనాల బల్ల కిందుగా పోయి, పూజ గది గుమ్మంలోంచి దూరి వెనక గోడకు తగులుతుంది. ‘ఎక్కడైనా తెగిందా?’ లేదండీ. ‘వెంట్రుకవాసి?’ అబ్బే. అప్పుడుగానీ మంచినీళ్లు రావు.

ఆ పేరు మేస్త్రీలు పెట్టింది. ఈయన సైటు మీదకు వస్తున్నారంటే రబ్బరు సుత్తులు ఆగిపోయేవట.

గడపలున్న కాలంలో ఇలాంటివాళ్లు లేరు. ముందు గదిలో తాండూరు బండ, వెనక గదిలో బేతంచెర్ల నాపరాయి, వంటింట్లో గచ్చు పరిచినా ఎవరూ నోరెత్తేవారు కాదు. మధ్యలో గడప కూర్చుని ఏ గది సంగతి ఆ గదిలోనే ఉంచేది. కాలి బొటనవేలు కొట్టుకుంటే కొట్టుకునేది, అది వేరే విషయం. ఇప్పుడు పసుపు రాయడానికి వీధి గుమ్మానికొక్క గడప ఉంచి, లోపలివన్నీ తీసేశాం. ద్వారబంధాలకు మూడు పక్కలే మిగిలాయి. నాలుగో పక్క ఖాళీ అయ్యాక ఆ ఖాళీలోంచి పుట్టుకొచ్చారు లైన్ సార్.

ఆయన ముందు గ్రాఫ్ కాగితం తెచ్చుకుంటారు. వరండా నుంచి వెనక గోడకు నలభై అడుగులు, టైలు టూ బై టూ, వెరసి ఇరవై టైల్స్, ముక్క పడదు అని ఎర్రసిరాతో రాసుకుంటారు. కొట్లో టూ బై టూ అని అమ్మేది 600 మిల్లీమీటర్లు, అంటే 23.6 అంగుళాలన్న సంగతి నేల మీద ఇరవై పేర్చి చూశాకగానీ బయటపడదు. చివర్న ఏడున్నర అంగుళాల నేల నోరు తెరుచుకుని ఉంటుంది. కంపెనీవాడు మోసం చేశాడంటారు. అట్టపెట్టె మీద కొలత అచ్చులో ఉందని మేస్త్రి చూపించినా సరే.

పాపం మేస్త్రి మొదట్లోనే ఒక దారి చెప్పాడు. ‘గుమ్మాల కింద నల్ల గ్రానైటు పట్టీ వేసేద్దాం సార్. ఏ గదికా గది సుఖంగా పడిపోద్ది.’ లైన్ సార్ మొహం ఎర్రబడింది. ‘పట్టీ వెయ్యడానికి ఇదేమైనా దెబ్బ తగిలిన మోకాలా?’ అన్నారు.

సరే, దారం కట్టారు. హాల్లో అంతా బాగానే నడిచింది. ఉత్తరం వైపు పడగ్గదిలోకి దారం వెళ్లేసరికి మేస్త్రి తల గోక్కున్నాడు. వాయవ్యం మూల నుంచి ఒక గోడ వెంట మూడడుగులు, రెండో గోడ వెంట నాలుగడుగులు కొలిచి, ఐమూలగా టేపు పెట్టాడు. మూల సరిగ్గా ఉంటే ఐదడుగులు రావాలి. ఐదడుగుల అరంగుళం వచ్చింది. అరంగుళమే కదా అనుకుంటాం. పన్నెండడుగుల గోడ ఆ కొసకు వెళ్లేసరికి అది రెండున్నర అంగుళాలవుతుంది. హాలు గీతను నమ్ముకుని తిన్నగా పోతే గోడవార పడే ముక్క ఒక కొస అంగుళంన్నర, ఇంకో కొస నాలుగంగుళాలు ఉంటుంది. గదిని నమ్ముకుంటే గుమ్మంలో గీత విరుగుతుంది.

‘ఈ గోడ ఎవడు కట్టాడు?’ అని గర్జించారు లైన్ సార్.

‘మీరే కదండీ కట్టించారు!’ అంది వాళ్లావిడ, టీ గ్లాసులు పట్టుకుని వస్తూ. ‘ఈశాన్యం పెరగాలని సిద్ధాంతి గారు చెబితే, పక్కన నిలబడి మరీ జరిపించారు.’

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మేస్త్రి బీడీ కోసం బయటికి వెళ్లాడు.

గీతే గెలిచింది. ఆ సన్నముక్కలు కోయడానికి ఒక పూట, పగిలినవాటికి మళ్లీ కొత్తవి తేవడానికి ఇంకో పూట పట్టాయి. కొత్త పెట్టె మీద షేడ్ నంబరు వేరేది ఉందని దాన్ని వెనక్కి పంపడం మరో కథ. సందు అసలు వద్దే వద్దని కూడా పట్టుబట్టారు గానీ, రెండు మిల్లీమీటర్ల స్పేసరైనా పెట్టకపోతే ఎండాకాలం టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి లేస్తాయని మేస్త్రి మొండికేశాడు. ఆ ఒక్కచోటా ఇంటాయన తగ్గారు. గోడవార కనబడే ఆ వంకర ముక్కల మీదకు బీరువా చేరింది.

నేను ఆయన్ని ఊరికే ఆడిపోసుకోవడం లేదు. అలా ఏకధాటిగా పరిచిన నేల మీద చిన్న ఇల్లు కూడా పెద్దదిగా కనిపిస్తుంది. ఊడవడం తేలిక, ముసలివాళ్ల కాలికి ఏదీ అడ్డు తగలదు. ఎటొచ్చీ, ఆ నేల మీద మనుషులు కాపురం చేయడమే ఆయనకు గిట్టదు. సరిగ్గా గీత గుమ్మం దాటే చోట ఆవిడ కాళ్లు తుడుచుకునే పట్టా వేస్తుంది. ఈయన పేపరు చదువుతూ చదువుతూ బొటనవేలితో దాన్ని పక్కకు నెడతారు. ఆవిడ కూరగాయల బుట్టతో వస్తూ మడమతో మళ్లీ యథాస్థానానికి చేరుస్తుంది. ఇద్దరూ దీని గురించి పల్లెత్తు మాట అనుకోరు.

మొన్న కొడుక్కి పెళ్లిచూపులకు వెళ్లారు. అమ్మాయి కాఫీలు ఇచ్చి తల వంచుకుని కూర్చుంది. లైన్ సార్ అంతకంటే ఎక్కువ వంచుకుని కూర్చున్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ అడిగింది, ‘అమ్మాయి ఎలా ఉందండీ?’ అని.

‘హాల్లోంచి వంటింట్లోకి వెళ్లేసరికి రెండంగుళాలు తప్పింది’ అన్నారాయన దిగులుగా.

అవతల పిల్ల తండ్రి మాత్రం తెగ సంబరపడిపోతున్నాడట. మగపెళ్లివారై ఉండీ అంత తలొంచుకుని కూర్చున్న వియ్యంకుణ్ణి తానెక్కడా చూడలేదట.