స్వామివారి కుల ధ్రువీకరణ

స్వామివారికి నలభై ఏడో నంబరు టోకెను వచ్చింది. తొమ్మిదిన్నరకే వచ్చి సచివాలయం బెంచీ మీద కూర్చున్నాడు. తిరుమలలో తనకోసం జనం ఎన్ని గంటలు నిలబడతారో ఆయన ఇన్నాళ్లూ లెక్కల్లో చూసుకోవడమే. సర్వరు డౌనైందని రెండుసార్లు చెప్పించుకున్నాక గాని ఆ గంటల బరువు తెలిసిరాలేదు.

ఊరు నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య. హైవే దిగి ఆటో ఎక్కితే మిరప చేలు, పత్తి చేలు, సిమెంటు లారీల దుమ్ము, తర్వాత ఊరు. ఊరు దాటాక ఒక వాగు, వాగు దాటాక కాలనీ. పేరు చెప్పనక్కర్లేదు. జిల్లా పేరు కృష్ణా నుంచి ఎన్టీఆర్‌కు మారినా వాగుకు అటూ ఇటూ మారని ఊళ్లు ఈ మెట్టలో ఏ రోడ్డు పట్టుకున్నా తగులుతాయి.

దళితవాడల్లో గుళ్లు కట్టించాలన్న టీటీడీ నిర్ణయం పాఠకులు చదివే ఉంటారు. మొదట వెయ్యి అన్నారు, తర్వాత ఐదు వేలన్నారు. డబ్బు శ్రీవాణి ట్రస్టుది, అంటే పదివేలు విరాళమిచ్చి బ్రేక్ దర్శనానికి వెళ్లినవాళ్లది. ఎందుకో కూడా దాచలేదు: మతమార్పిడులు ఆగాలట. కాంగ్రెస్ నాయకురాలు షర్మిల హాస్టళ్ల సంగతేమిటని అడిగారు, బీజేపీ వాళ్లు ఆమెను హిందూ వ్యతిరేకి అన్నారు, చర్చ అక్కడితో సుఖాంతమైంది. ఆలోచన ఈ ప్రభుత్వంతో పుట్టిందీ కాదు. సమరసత సేవా ఫౌండేషన్‌తో కలిసి టీటీడీ ఇదివరకూ ఇలాంటి గుళ్లు కట్టించింది.

ఇంతమంది ఇన్ని మాట్లాడినా ఒక చిక్కు మాత్రం ఎవరికీ తట్టలేదు. కాలనీలో కాపురం పెట్టేవాడికి కాగితాలుండాలి. కాగితాల్లో మొదటిది కులం.

"పేరు చెప్పండి," అంది డిజిటల్ అసిస్టెంటు అమ్మాయి, తలెత్తకుండానే.

"వేంకటేశ్వరుడు."

"ఇంటిపేరు?"

స్వామి కాస్త తడుముకుని ఏడుకొండలవాడినన్నాడు. అమ్మాయి 'ఏడుకొండల వెంకటేశ్వర్లు' అని కొట్టింది. ఈ ప్రాంతంలో ఆ పేరుగలవాళ్లు మండలానికి వందమంది ఉంటారు కాబట్టి ఆమెకు ఏ అనుమానమూ రాలేదు.

అమ్మానాన్నల కుల పత్రాలు అడిగింది. అమ్మానాన్నలే లేరన్నాడు. పదో తరగతి మెమో లేదు. పుట్టిన తేదీ అడిగితే నక్షత్రం చెప్పాడు. పోనీ రక్తసంబంధీకుల కాగితమైనా తెమ్మంది. అన్న గోవిందరాజులు కింద తిరుపతిలో ఉన్నాడు, కుబేరుడి అప్పు కొలిచి కొలిచి అలిసిపోయి కుంచం తలకింద పెట్టుకు పడుకున్నాడు, లేపడం కష్టమన్నాడు. భార్య పేరు అడిగితే ఆకాశరాజు కూతురు పద్మావతి పేరు చెప్పి, కాస్త ఆగి, బీబీ నాంచారి పేరు కూడా చెప్పాడు. అమ్మాయి మొదటిసారి తలెత్తి చూసి, "కులాంతర వివాహ ప్రోత్సాహకానికి అప్లై చేశారా?" అంది.

వేలిముద్ర పడలేదు. వెయ్యేళ్ల అభిషేకాలకు గీతలు అరిగిపోయాయి. వెనకాల నిలబడ్డ ముసలమ్మ, "మాకూ పడవయ్యా, మిరక్కాయలు కోసి కోసి అరిగినయ్యి," అని ఓదార్చింది. కళ్లు స్కాన్ చేద్దామంటే నామం అడ్డం. నామం తుడవాలంటే ఆగమ పండితుల కమిటీ వెయ్యాలి.

అప్పుడు ఆ అమ్మాయి అడగాల్సిన అసలు ప్రశ్న అడిగింది. "గ్రూపు ఎంతండీ?"

2025లో ఎస్సీ వర్గీకరణ వచ్చింది కదా. ఒకటో గ్రూపు రెల్లి తదితరులది, ఒక శాతం. రెండు మాదిగ, ఆరున్నర. మూడు మాల, ఏడున్నర. స్వామిని మాలపల్లెలో ప్రతిష్ఠిస్తే మూడో గ్రూపు, మాదిగపల్లెలో ప్రతిష్ఠిస్తే రెండో గ్రూపు. రెండు పల్లెల్లోనూ ప్రతిష్ఠిస్తే సర్వాంతర్యామిత్వం నిరూపణ అవుతుంది గాని, ఒకే మనిషి రెండు గ్రూపుల్లో లబ్ధి పొందుతున్నాడని కేసవుతుంది. ఇందులో చర్చిలు ఆయనకంటే అనుభవజ్ఞులు. మాలపల్లె ఏసు, మాదిగపల్లె ఏసు ఎన్నో ఊళ్లలో ఇప్పటికే వేరు కాపురాలు. 

దేవుడికి కులమేమిటని ముక్కు విరిచేవాళ్లు పాత పేపర్లు తిరగెయ్యాలి. 2018 నవంబరులో రాజస్థాన్ ఎన్నికల సభలో యోగి ఆదిత్యనాథ్ హనుమంతుణ్ని దళితుడన్నారు. కాదు గిరిజనుడని షెడ్యూల్డు తెగల కమిషన్ చైర్మనే అన్నారు. జాట్ అని ఒక మంత్రి, ముస్లిం అని ఒక ఎమ్మెల్సీ తేల్చారు. నెల తిరక్కుండానే నాలుగు పత్రాలు. మరి కంచికచర్ల మండలం పరిటాలలో 2003 నుంచి నిలబడి ఉన్న 135 అడుగుల ఆంజనేయుడు ఏ కులమో ఆ మండలాఫీసులో ఎవరూ అడగలేదు. హైవే పక్కన అంత ఎత్తున ఉన్నవాణ్ని ఎవరడుగుతారు? కులం అడిగేది కింద కూర్చున్నవాణ్నే.

మిగతా దేవుళ్ల ఫైళ్లు చూసినా తేలికేం కాదు. కృష్ణుడు యాదవుడు కాబట్టి బీసీ-డీ. రాముడు ఓసీ, ఈడబ్ల్యూఎస్ పెట్టుకోవచ్చు గాని ఐదెకరాల భూమి ఉండకూడదన్న కేంద్ర నిబంధన దగ్గర దేవాదాయ శాఖ రికార్డులు బయటపడతాయి. వేదాద్రి యోగానంద నరసింహుడు చెంచులక్ష్మిని చేసుకున్నవాడే గాని, అత్తగారి తరఫు కులం అల్లుడికి రాదు. జగ్గయ్యపేట ధనబోడు మీది బుద్ధుడిది ఈ తాలూకాలోకెల్లా పాత డోర్ నంబరు. రెండువేల ఏళ్ల నాటి స్తూపం, 1882లో పురాతత్వవేత్త బర్జెస్ తవ్వించాడు, అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి పలకేమో చెన్నై మ్యూజియం పాలైంది. ఆ బుద్ధుణ్ని నమ్ముకున్న దళితుడికి 1990 నుంచి ఎస్సీ పత్రం చెల్లుతుంది. సిక్కుగా మారినవాడికి 1956 నుంచి చెల్లుతోంది. ఏసును నమ్ముకుంటే మాత్రం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కాడు. మన రాష్ట్రంలో బీసీ-సీలోకి, ఒక్క శాతంలోకి పోతాడు. క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోయినట్టేనని 2025లో హైకోర్టు కూడా మళ్లీ చెప్పింది. కోర్టు కాగితం మీద పోయిన ఆ కులం ఊరి హోటల్లోనూ, శ్మశానం దారిలోనూ ఎందుకు పోలేదో ఏ తీర్పూ చెప్పదు.

దరఖాస్తు ఫీల్డ్ ఎంక్వైరీకి వెళ్లింది. వీఆర్వో బండేసుకుని ఊళ్లోకొచ్చి రామాలయం అరుగు మీద ఉన్న పెద్దాయన్ని అడిగాడు.

"ఈయన మీకు తెలుసాండీ?"

"తెలవకపోవడమేందయ్యా, మా గుళ్లో ఉండేదీ ఈయనేగా."

"కాలనీలో గుడి కట్టారు. అక్కడ ప్రసాదం తీసుకుంటారా?"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "నాకు షుగరయ్యా."

పక్కాయన శనివారం ఒక్కపొద్దన్నాడు. వచ్చింది మంగళవారమని వీఆర్వో గుర్తుచెయ్యలేదు. మూడో ఆయన డాక్టరు నెయ్యి మాన్పించాడన్నాడు. ఊరు ఊరంతా ఇన్ని జబ్బులతో ఉంటే మెడికల్ క్యాంపు ఎందుకు పెట్టలేదా అని వీఆర్వోకు అనుమానం వచ్చింది. సాయంత్రం ఊరి గుళ్లో చక్రపొంగలి పంచుతుంటే అదే పెద్దాయన దొప్ప నింపుకుని రెండోసారి చెయ్యి చాపాడు.

తర్వాతది రథం సంగతి. శ్రీరామనవమికి ఊరి రథం బజారంతా తిరిగి కాలనీ మలుపు దాకా వచ్చి వెనక్కి మళ్లుతుంది. కారణం కరెంటు తీగలు. అటు తీగలు కిందికున్నాయట. మంచిదే. కాలనీ రథమే ఊళ్లోకొస్తే? అప్పుడు తీగలు ఇటు కిందికి దిగుతాయి. దేవుళ్లకు ప్రయాణం కొత్త కాదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ రెండేళ్లకోసారి రంగులు వేయించుకోవడానికి జగ్గయ్యపేట దాకా వెళ్లొస్తుంది, దారిపొడవునా జనం ఎదురొస్తారు. కూతవేటు దూరంలోని వాగు దాటడానికే స్వాములకు ఎస్టిమేట్లు కావలసివస్తోంది.

తిరుపతమ్మ కథే చూస్తే, ఆమె అత్తింటి ఆరళ్లు పడి, రోగమొచ్చిందని పశువుల కొట్టంలోకి గెంటేయబడ్డ కోడలు. అప్పుడు దగ్గర కూర్చుని సపర్యలు చేసింది ఇంటివాళ్లు కాదు, పాపమాంబ. ఇప్పుడు తిరునాళ్లకు లక్షలమంది వస్తారు, గాజులమ్ముకునేవాళ్ల నుంచి ఆటోవాళ్ల దాకా దాని మీద బతుకుతారు, నెత్తిన బోనంతో వచ్చిన ఆడవాళ్లు కడుపులో ఉన్నదంతా అమ్మవారికి చెప్పుకుని తేలికై వెళతారు. మతం వల్ల మంచేం లేదనేవాళ్లు ఆ మున్నేటి ఒడ్డున ఒక రాత్రి గడిపి రావాలి. కాకపోతే ఆ కథలో కొట్టంలోకి గెంటిందీ దైవభక్తి గల కుటుంబమే.

అర్చకుడి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. దళిత యువకులకు అర్చకత్వంలో శిక్షణ ఇచ్చారు, సంతోషం. మంత్రం అదే, ఆగమం అదే, దేవుడు అదే. మరి ఆ అర్చకుడు మూడేళ్ల సర్వీసు తర్వాత ఊరి గుడికి బదిలీ పెట్టుకోవచ్చా? ఊరి అర్చకుడు కాలనీకి డెప్యుటేషన్ మీద వస్తాడా? 2018లో చిలుకూరు బాలాజీ అర్చకుడు రంగరాజన్ హైదరాబాద్ జియాగూడ రంగనాథుడి గుళ్లోకి ఒక దళిత భక్తుణ్ని భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళితే దేశమంతా ఫొటో వేసింది. ఆయన చేసింది మంచి పనే. కానీ ఒక మనిషి గుళ్లోకి వెళ్లడం వార్త అయిందంటే మిగతా రోజుల సంగతి ఏమిటో ఆ ఫొటోయే చెప్పింది.

ఊరి గుడి తలుపులు 1947లోనే చట్టం తీసింది. మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం కృష్ణా జిల్లాకూ వర్తించింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ చట్టం అమలుకు కావలసిన ఖర్చు సున్నా. సిమెంటు అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు, పదివేల టికెట్టు కొనేవాళ్లు అక్కర్లేదు. ఊరి గుడి మెట్ల మీద నిలబడి, రండర్రా అంటే చాలు. ఆ ఒక్క మాట అనలేకనే ఐదు వేల గుళ్లు. హోటల్లో రెండు గ్లాసులు పెడితే కేసవుతుంది, దేవుళ్లనే రెండు పెడితే ధర్మప్రచారమవుతుంది.

చేసిన పాపం మీద గుడి కట్టడం ఈ సీమకు పాత అలవాటే. జగ్గయ్యపేటకు తండ్రి పేరు పెట్టిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చెంచులను నమ్మించి పిలిపించి తలలు నరికించాడని, నరుకుళ్లపాడు పేరు అలా వచ్చిందని, ఆ పాపం వెంటాడితే గుళ్ల మీద గుళ్లు కట్టించాడని, మంగళగిరి గాలిగోపురం అందులోదేనని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. గోపురం పేరు అందరికీ తెలుసు. చెంచుల్లో ఒక్కడి పేరు ఎవరికైనా తెలుసా?

ఇంకొక పేరు మాత్రం తెలుసు. అరికట్ల కోటేశు, దళిత యువకుడు. 1968 ఫిబ్రవరి, కంచికచర్ల. ఇత్తడి సామాను దొంగిలించాడని కట్టేసి, ఊరు చూస్తుండగా సజీవంగా తగలబెట్టారు. పార్లమెంటు దాకా వెళ్లిన పేరు. అదే ఊళ్లో పుట్టిన కలేకూరి ప్రసాద్ తన కవిత్వంలో ఆ మంటను ఆరనివ్వలేదు. ఆ రోజు కోటేశుకు కొరత గుడా? తగలబెట్టినవాళ్లు దేవుణ్ని ఎరగనివాళ్లా? అంతకు నూరేళ్ల ముందే, 1859లో, కృష్ణా జిల్లా రాఘవాపురం మాలపల్లె పెద్ద పగోలు వెంకయ్య మిషనరీల దగ్గర బాప్టిజం తీసుకున్నాడు. మతం మారడం ఆపాలనుకునే పెద్దలు, అసలు ఆయన ఎందుకు లేచి వెళ్లాడని ఒక్కసారైనా అడిగారా? వాడలో గుడి లేదని ఎవడూ దేవుణ్ని మార్చుకోలేదు. పలక పట్టుకోనిచ్చినవాడి దగ్గరికి, పేరుతో పిలిచినవాడి దగ్గరికి, పక్కన కూర్చోబెట్టుకున్నవాడి దగ్గరికి వెళ్లారు. వెళ్లినచోటా కులం వెంట వచ్చిందంటే అది వాళ్ల తప్పు కాదు. ఇవాళ హాస్టల్ పిల్లాడు మంచం అడిగితే, కాలనీ వాళ్లు శవాన్ని తీసుకెళ్లడానికి దారి అడిగితే, చేతిలో విగ్రహం పెట్టి సర్దుకోమంటున్నారు. సిగ్గుండాలి.

పదిహేను రోజులకు వీఆర్వో రిపోర్టు వచ్చింది. కాపీ సచివాలయం నోటీసు బోర్డు మీద అంటించారు.

"అర్జీదారు శ్రీ ఏడుకొండల వెంకటేశ్వర్లు సదరు కాలనీలో నివాసముంటున్నది వాస్తవము. ఇతని ప్రసాదము గ్రామస్తులెవరును తీసుకొనుట లేదనియు, ఇతని రథము మెయిన్ బజారులోనికి వచ్చుటకు అభ్యంతరము కలదనియు, ఇతని అర్చకుని గ్రామములోని ఆలయమునందు గర్భగుడిలోనికి రానిచ్చుట లేదనియు స్థానిక విచారణలో తేలినది. కావున వేరే ఆధారములు అవసరము లేకుండగనే, అర్జీదారు షెడ్యూల్డు కులమునకు చెందినవాడని నివేదించడమైనది."