‘ఫోన్లో ఆడాల’: టీకా తాత్పర్యం

మూలం: “అన్నా, రాత్రి బండి పోయిన ఫుటేజీ పెన్‌డ్రైవులో ఎక్కిచ్చియ్యి, ఫోన్లో ఆడాల.”

అవతారిక: సీసీ కెమెరా పెట్టెలోని వీడియోను నలుగురూ చూడగలిగే రూపంలోకి మార్చి ఇమ్మని కోరే వాక్యమిది. నెల్లూరు జిల్లా బోగోలులో, 16వ నంబరు జాతీయ రహదారి పక్క అంగళ్లలో, బిట్రగుంట స్టేషను దారిలో ఈ పాఠమే వాడుక. తీరం వైపు రొయ్యల గుంటల దగ్గర ‘మోటారు పోయిన’ అని పాఠాంతరం.

ప్రతిపదార్థం: అన్నా = ఓ అంగడి యజమానీ; సంబోధన ప్రథమ. అడిగేవాడు వయసులో పెద్దయినా ఇదే పిలుపు, పని అవతలివాడి చేతిలో ఉంది గనుక. రాత్రి = కెమెరా పెట్టె (డీవీఆర్) గడియారం లెక్కన రాత్రి. ఆ గడియారం పది నిమిషాలు వెనకబడితే దొంగ కూడా పది నిమిషాలు ముందే వచ్చినట్టు కనబడతాడు. కాబట్టి పెట్టె టైమునూ ఫోను టైమునూ పక్కపక్కన చూసి, తేడాను ముందే కాగితం మీద రాసుకోవాలి. బండి పోయిన = బండి పోవడం కనబడే; ఇది ఫుటేజీకి విశేషణం. పోయింది బండే, ఫుటేజీ కాదు. ఫుటేజీ = కెమెరా పట్టిన దృశ్యం. ‘ఫుట్’ అంటే అడుగు. సినిమా ఫిల్మును అడుగుల్లో కొలిచిన రోజుల మాట. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు. ఇప్పుడు అడుగూ లేదు, ఫిల్మూ లేదు, రూఢ్యర్థమే మిగిలింది. పెన్‌డ్రైవు = ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసినది. చాలా పెట్టెలు దాన్నే గుర్తుపడతాయి. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటదు గనుక పొడుగాటి రాత్రి ముక్కలుగా దిగుతుంది. ఆడాల = ఆడవలెను. సినిమా ఆడినట్టే, అడ్డంకి లేకుండా అని భావం.

ఆక్షేపం: వీడియో వీడియోయే కదా, ఫోన్లో ఆడకపోవడమేమిటి?

సమాధానం: పాలు వేరు, క్యాను వేరు. దృశ్యాన్ని కుదించే పద్ధతులు అందరికీ తెలిసినవే: 2003 నాటి ఎచ్.264, 2013 నాటి ఎచ్.265. ఇవి పాలు. క్యాను మాత్రం కంపెనీ సొంతం. దాహువా రికార్డర్ల ఫైళ్లకు ‘.దావ్’ అని తోక ఉంటుంది. లోపల మొదటి నాలుగు అక్షరాలు డి, హెచ్, ఏ, వి. హిక్‌విజన్ పెట్టెల నుంచి దిగే కొన్ని ఫైళ్లు మరీ గడుసువి. పైన ‘.ఎంపీ4’ అని బోర్డు, తెరిచి చూస్తే ఐ, ఎం, కె, హెచ్ అనే ముద్ర. ఫోను ఆ మూత చూసి వెనక్కి తిరుగుతుంది.

‘.దావ్’ తీసేసి ‘.ఎంపీ4’ అని పేరు మారిస్తే చాలునని ఒక పూర్వపక్షం ఉంది. అది నిలవదు. వీఎల్‌సీ వంటి ప్లేయరు పేరు పక్కనబెట్టి సరుకు చూస్తుంది గనుక ఒక్కోసారి ఆడిస్తుంది. ఆ కీర్తి పేరు మార్చినవాడి ఖాతాలో పడుతోంది.

సరైన మార్గం పెట్టె దగ్గరే మొదలవుతుంది. బ్యాకప్ తీసేటప్పుడు ఏవీఐ గానీ ఎంపీ4 గానీ ఎంచుకొమ్మని అడిగితే అక్కడే పని అయిపోతుంది. అడగకపోతే కంపెనీ ప్లేయరులోని కన్వర్ట్ మీట ఉంది. రెండూ కుదరనప్పుడు ఎఫ్ఎఫ్ఎంపెగ్. 2000లో ఫ్రాన్సుకు చెందిన ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఈ ఉచిత సాధనం దావ్ క్యానునూ విప్పగలదు. ప్రయోగం ఇది, కొట్టవలసింది ఇంగ్లీషు అక్షరాల్లో:

ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఐ రాత్రి.దావ్ -సి:వి కాపీ -సి:ఏ ఏఏసీ రాత్రి.ఎంపీ4

ఇందులో యతి లేదు, ప్రాస లేదు. ఒక్క చుక్క తప్పినా గణభంగం మాత్రం ఉంది. -ఐ అంటే ఇన్‌పుట్, వచ్చే ఫైలు. ‘-సి:వి కాపీ’ ప్రాణపదం: బొమ్మను ముట్టుకోకుండా క్యాను మాత్రమే మార్చు అని ఆజ్ఞ. అందుకే గంట నిడివి ఫైలు కూడా చప్పున అయిపోతుంది, నంబరు ప్లేటు ఎంత స్పష్టంగా ఉందో అంతే ఉంటుంది. ‘కాపీ’ లేకపోతే బొమ్మను విప్పి మళ్లీ కుదిస్తుంది. కాలం పోతుంది, కొంత స్పష్టతా పోతుంది. వాట్సాప్‌లో వీడియోగా పంపినా అదే నష్టం. డాక్యుమెంటుగా పంపితే దాన్ని కుదించదు. ‘-సి:ఏ ఏఏసీ’ శబ్దం కోసం. ఈ పెట్టెలు తరచూ టెలిఫోను కాలపు జి.711 పద్ధతిలో ధ్వనిని పడతాయి. ఎంపీ4లో దానికి చోటు దొరకదు. దొంగ పరుగు సినిమా హాస్యంలా మరీ వేగంగా కనబడితే, సెకనుకు 15 బొమ్మలు పట్టినదాన్ని సాధనం 25 అనుకుందని గ్రహించాలి.

తాత్పర్యం: అయ్యా, నిన్న రాత్రి బండి దొంగతనం కనబడే భాగాన్ని, బొమ్మ చెడకుండా, అందరి ఫోన్లలో తెరుచుకునే క్యానులో పోసి ఇవ్వండి అని.

విశేషం: మార్చిన ఫైలు టీకా వంటిది, దావ్ ఫైలే మూలం. మల్లినాథ సూరి సంజీవని రాశాక రఘువంశాన్ని ఎవరూ పారేయలేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ రాయాలి. బొమ్మ మారకపోయినా క్యాను మారితే ఆ విలువ మొత్తం మారిపోతుంది. అందుచేత పోలీసు స్టేషనుకు రెండూ ఇవ్వాలి: చూడటానికి ఎంపీ4, సాక్ష్యానికి దావ్.

జనం ఎక్కువగా కూడే సంస్థలు ఫుటేజీని 30 రోజులు దాచాలని 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చట్టం చెబుతోంది. చిన్న అంగడి డిస్కు అంత ఓపిక పట్టదు. నాలుగు కెమెరాలు సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 86 జీబీ. ఒక టెరాబైటు డిస్కు పదకొండున్నర రోజుల్లో నిండి, పాతదాని మీదే కొత్తది రాసుకుంటుంది. పదమూడో రోజు వెళ్లి అడిగితే ‘పోయిన’ అనే విశేషణం ఫుటేజీకే అన్వయిస్తుంది.