తాలు కాయ

మా పెద్దమ్మది తరిగొప్పుల. మిర్చి ఎండినాక కల్లంలో కూర్చుని ఏరుతుంది. నిగనిగలాడే ఎర్రకాయ ఒక పోగు. తెల్లబారి, మచ్చలు పడ్డ తాలు ఇంకో పోగు. ఎర్రకాయ వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పోతుంది. తాలును మాత్రం ట్రాలీ ఆటోలో ఊళ్లు తిరిగే బేరగాడు వచ్చి అగ్గువకు తీసుకుపోతాడు.

మొన్నటి పంటకు ధర బాగుందని, అప్పు తీరుతుందని, ఇంట్లోకి కూడా ఉంచుకోకుండా ఎర్రకాయంతా అమ్మేసింది. తాలు జోకుతుంటే బేరగాణ్ని అడిగిందట: "గీ తాలు ఎవరు తింటరు నాయినా?"

"తినేటోళ్లు ఉంటరమ్మా!"

ఎండాకాలం మామిడి తొక్కుకు అంగట్లో విడి కారం కొన్నది. నేను ఆహార పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తానని తెలుసు కాబట్టి, నన్ను చూడగానే చెప్పింది: "గిలాసల నీళ్లు పోసి, కారమేసి చూసిన బిడ్డా. రంగు దిగలే."

నీళ్లలో దిగే రంగులు వేరు. కారం ఎర్రగా కనబడాలని కలిపే సూడాన్ అనే రంగు నూనెలో కరుగుతుంది. మైనానికి, బూటు పాలిష్‌కు వాడతారు. నీళ్ల గ్లాసుకు అది చిక్కదు. పోనీ నూనెలో వేసి చూద్దామంటే మిర్చి సొంత ఎరుపు కూడా నూనెలోనే దిగుతుంది. కంటితో తేల్చలేం. మన చట్టం ప్రకారం కారంపొడిలో బయటి రంగు ఏదీ కలపకూడదు. 2003లో మన దేశం నుంచి వెళ్లిన మిర్చి సరుకులో సూడాన్-1 ఉందని ఫ్రాన్స్ పట్టుకుంది. అప్పుడే యూరప్ దేశాలు పరీక్ష కాగితం లేనిదే మిర్చిని రానివ్వమన్నాయి. 2005లో బ్రిటన్‌లో ఒక సాసులోకి చేరిన కల్తీ కారం వల్ల వందల రకాల తిండి సరుకులను దుకాణాల నుంచి వెనక్కి తీయాల్సి వచ్చింది. ఓడెక్కే కారానికి అంత కాపలా. మన అంగట్లో పొట్లం కట్టే కారానికి అందులో సగమైనా ఉండాలి కదా!

చెంచాడు కారం వెంట తెచ్చాను. అసిటోనైట్రైల్‌లో కలిపి, వడగట్టి, హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి ఎక్కించాను. అసలు సూడాన్-1 ఏ నిమిషానికి బయటికొస్తుందో సరిగ్గా ఆ నిమిషానికే తెరమీద గీత నిట్టనిలువుగా లేచింది. మళ్లీ ఎక్కించాను. మళ్లీ అక్కడే లేచింది.

తొక్కు పారబోయమని వెంటనే ఫోన్ చేశాను. అప్పటికే కూతుళ్లిద్దరి ఇళ్లకూ జాడీలు పోయాయి. పైన నూనె ఎంత ఎర్రగా తేలిందో అని చిన్నకూతురు తెగ మెచ్చుకున్నదట.

మిగిలిన పొట్లం పట్టుకుని పెద్దమ్మ అంగడికి పోయింది. నలుగురిలో నిలదీసింది. దుకాణం పిలగాడు బిక్కమొహం వేశాడు.

"నేనేం కలుపుత అవ్వా? గిర్ని కాడికెళ్లి మూట వస్తది, పొట్లాలు కట్టి అమ్ముత. ట్రాలీ ఏసుకొని మీ ఇంటిముంగటికే వచ్చి తాలు కొనుక్కపోతడు సూడు... ఆ గిర్ని ఆయనదే."