మంగతాయారు మెనూ

పిల్లిని పెంచుతున్నామని చెప్పగానే మా కాకినాడలో ఎవరైనా అడిగే మొదటి మాట, "పాలు పోస్తున్నారా?" అని. వాళ్ళననేం లాభం! కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిని సామెతలోకి ఎక్కించుకున్న జాతి మనది. ఆ మాటకొస్తే మనవాళ్ళలో పిల్లి కడుపు సంగతి తెలిసినవాడు తెనాలి రామలింగడొక్కడే అనిపిస్తుంది. రాయలవారు పిల్లినీ, దాని పాలకోసం ఆవునీ ఇస్తే, మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టి, అది జన్మలో పాలవంక చూడకుండా చేసి, ఆ పాలన్నీ తానే తాగాడని కథ. పద్ధతి దుర్మార్గమే గానీ ఫలితం శాస్త్రసమ్మతం. పాలలోని లాక్టోజ్‌ను అరిగించుకునే శక్తి చాలా పిల్లులకు పెద్దయ్యేసరికి తగ్గిపోతుంది. తాగిన ఆనందం దానిది, గచ్చు కడిగే భాగ్యం మనది.

మాది శాకాహారపు ఇల్లు. వానలో తడిసి మా వీధరుగెక్కిన బూడిదరంగు పిల్లికి మంగతాయారని పేరు పెట్టింది మా అమ్మే. అంత నిష్ఠగల పేరు పెట్టాక ఆచారం దానంతటదే అబ్బుతుందని ఆవిడ ధీమా. మీగడ పెరుగేసి అన్నం మెత్తగా కలిపి పెట్టింది. మంగతాయారు వచ్చి వాసన చూసింది. ఒక్క మెతుకు ముట్టలేదు. పళ్ళెం చుట్టూ తిరిగి, ముందుకాలితో గచ్చు మీద బరబరా గీకడం మొదలెట్టింది, లేని మట్టిని ఆ అన్నం మీదకి లాగుతున్నట్టు.

"ఏవిట్రా ఇది! నేను కలిపిన పెరుగన్నాన్ని పూడ్చిపెడుతోందా?" అంది అమ్మ.

అవమానం దిగమింగుకుని మర్నాడు కాజా పెట్టింది. పాకం కారే కాకినాడ గొట్టం కాజా. దాన్నీ చూసి మొహం తిప్పుకుంది. ఈ ఊళ్ళో కాజా వద్దన్న ప్రాణిని నేను చూడటం అదే మొదలు. దాని తప్పేం లేదు పాపం. తీపి రుచి పట్టే జన్యువు పిల్లి జాతిలో ఏనాడో పాడైపోయిందని ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు 2005లో తేల్చారు. తీపి తెలియకుండా కాకినాడలో బతకడమంటే ఎంత శాపమో ఆ శాస్త్రవేత్తలకేం తెలుసు.

పశువుల డాక్టరుగారు మంగతాయారుని తిప్పి చూసి, అమ్మతో నెమ్మదిగా అన్నారు: "అమ్మా, ఇది సైజు తగ్గిన పులి. పప్పన్నం మీద బతకదండి."

పిల్లి శరీరానికి టారిన్ అనే పదార్థం కావాలి, అది మాంసంలోనే దండిగా దొరుకుతుంది, తగ్గితే చూపూ గుండే రెండూ దెబ్బతింటాయి. గుండె కండరం జబ్బుకీ టారిన్ లోపానికీ ఉన్న లంకె 1987లో అమెరికాలో బయటపడిందట. అప్పుడు చిక్కుల్లో పడ్డవి పెరుగన్నం తిన్న పిల్లులు కావు, డబ్బాల మేత తిన్నవే. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ మోతాదు పెంచాయి.

అమ్మ అంత తేలిగ్గా వదలదు. "పోనీ, కేరెట్‌లో ఎ విటమిన్ ఉందిగా, అదన్నా పెట్టనా?"

"మనం కేరెట్ తిని తయారుచేసుకుంటాం. పిల్లికి ఆ విద్య రాదండి. తయారుగా ఉన్నదే కావాలి, లివర్లో ఉన్నట్టు."

"అయితే రోజూ లివర్ తెస్తే సరి," అన్నాను నేను, చవగ్గా తేలిపోతుందని.

"రోజూ పెడితే ఎ విటమిన్ ఎక్కువై మెడ ఎముకలు బిగుసుకుపోతాయండి."

"తక్కువైతే కళ్ళు, ఎక్కువైతే మెడ. దీనికంటే కోడలు నయం," అంది అమ్మ. కోడలు పక్కనే ఉంది.

దుకాణానికి వెళ్తే గోడంతా పొట్లాలే. కూనలకొకటి, పెద్దవాటికొకటి, ఆపరేషనైనవాటికొకటి, ఇల్లు కదలనివాటికొకటి, బొచ్చు ఉండలు కక్కేవాటికొకటి. డాక్టరుగారు చెప్పిన కిటుకొక్కటే: ముందువైపు బొమ్మ చూడొద్దు, వెనకవైపు చిన్నక్షరాలు చూడండి. పదార్థాల వరసలో మొదట మాంసమో చేపో ఉండాలి, అది సంపూర్ణాహారమని రాసి ఉండాలి. ఆ మాట లేనివి చిరుతిళ్ళ కింద లెక్క.

ఎండు గుళికలా, గ్రేవీ పొట్లమా అన్నది అసలు పేచీ. పిల్లి పూర్వీకులు ఎడారి జీవులు, నీళ్ళు వేటలోనే దొరికేవి, అందుకే దీనికి దాహం తక్కువ. గుళికల్లో నీరు నూటికి పదిపాళ్ళుంటే గ్రేవీలో ఎనభైదాకా ఉంటుంది. నీరు చాలక మూత్రం అడ్డుపడితే, ముఖ్యంగా మగపిల్లులకు, ప్రాణం మీదకే వస్తుంది. కాబట్టి గ్రేవీయే మేలు. కాకపోతే 85 గ్రాముల పొట్లానికి వాళ్ళు తీసుకునే డబ్బు కిలోకి లెక్కకట్టి చూసుకుంటే, మూత్రం అడ్డుపడేది మనకి. రెండూ కలిపి సర్దుకున్నాం.

పైవాటా పిన్నిగారు చేపల పులుసు పంపిస్తానన్నారు. ఉల్లీ వెల్లుల్లీ పిల్లి నెత్తురులో ఎర్రకణాల్ని పగలగొడతాయని చెప్పాల్సి వచ్చింది. "నా పులుసుకి వంక పెట్టిన మొదటి పిల్లి ఇదే," అన్నారావిడ. నాలుగు మెట్లెక్కాక మళ్ళీ ఆగి, "వంక పెట్టింది పిల్లి కాదులే," అన్నారు.

తీరా మంగతాయారు ఒక రుచికి మరిగిందని సంతోషించి పెద్ద సంచీ కొన్నాం. సంచీ ఇంటికొచ్చిన పూటనుంచి దాన్ని ముట్టలేదు. సంచీ సైజు చూసి అలకపూనే జ్ఞానం దీనికెక్కణ్ణుంచి వచ్చిందో! మా బాబాయి పిల్లల్ని పెంచిన సూత్రమే చెప్పాడు: "ఆకలేస్తే అదే తింటుందిరా." మా మీద బ్రహ్మాండంగా పనిచేసిన సూత్రమే. పిల్లి మీద మాత్రం ప్రమాదం. కొద్దిరోజులు తిండి మానేస్తే చాలు, అందులోనూ ఒళ్ళున్న పిల్లయితే, కాలేయంలో కొవ్వు చేరి చచ్చేదాకా వస్తుంది. ఈ సంగతి అలిగేవాళ్ళకి తెలియకపోవడం మంచిది. పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ, వారంపాటు పోతే గానీ మంగతాయారు రాజీకి రాలేదు.

వారానికోసారి మార్పుకోసం చేప పెట్టొచ్చన్నారు డాక్టరుగారు. ఉప్పూకారం లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ని తినేసే గుణముందట, ఉడికిస్తే అది పోతుంది. పెరట్లో వేరే స్టవ్వు, వేరే గిన్నె, వేరే పట్టకారు వెలిశాయి. వంటింటి గడప మాత్రం చేప దాటకూడదని అమ్మ ఆజ్ఞ.

మొన్నొకరోజు వీధిలో గంప దించిన చప్పుడైతే తొంగిచూశాను. అమ్మ కొంగు ముక్కుకి అడ్డంపెట్టుకుని, అల్లంత దూరంలో నిలబడి బేరమాడుతోంది.

"ఇప్పుడే కుంభాభిషేకం రేవునించి తెచ్చానండి అమ్మగారూ, నవనవలాడతన్నాయి."

"అందరూ అనేది అదేలేవే. ముందా మొప్ప ఎత్తి చూపించు. ఎర్రగా లేకపోతే మా మంగతాయారు ముట్టదు."